గంపకు ఒక చెయ్యి



రేడియో చెవులతో వినేది. అందుకని చెవులు దాచుకున్న సంగతులతోనే మొదలుపెడతాను. మార్కాపురానికీ కంభానికీ మధ్యనున్న మా ఊళ్ళో, నా చిన్నతనంలో, గడియారమున్న ఇళ్ళు నాలుగో ఐదో. అయినా పొద్దెంతయిందో తెలియని వాళ్ళు లేరు. "ఉప్పోయ్ ఉప్పు" అని వినబడిందంటే వాకిట్లో కళ్ళాపి ఇంకా ఆరలేదు. "రోళ్ళకు, తిరగళ్ళకు గంట్లు పెడతాం" అన్నారంటే మగవాళ్ళు చేలకు పోయి, ఆడవాళ్ళు కాస్త నడుం వాల్చే వేళ. "బిందెలకు మాట్లేస్తాం, కళాయి వేస్తాం" అంటే అన్నాల పొద్దు దగ్గరపడ్డట్టు. బడి వదిలే సమయానికి పీచుమిఠాయి గంట. ఒక్కో కేకకు ఒక్కో రాగం. మాట సగమే తెలిసేది, మిగతా సగం రాగం చెప్పేది. ఊరి చివర కేక మొదలవగానే మా నాయనమ్మ లోపల చాటలో గింజలు కొలిచి పెట్టుకునేది. మనిషి మా వాకిలి దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు లెక్క.

వాళ్ళలో గంపలు మోసేది ఎక్కువగా ఆడవాళ్ళే. నెత్తిన గుడ్డచుట్ట, దాని మీద గంప. నిండు గంపను ఒక్క మనిషి దించుకోలేదు. అందుకని వాకిట్లోకి రాగానే మొదటి మాట సరుకు గురించి కాదు, "ఒక చెయ్యెయ్యి తల్లీ" అని. అమ్మ చెంగు నడుముకు దోపుకుని ఎదురుగా నిలబడేది. ఇద్దరూ ముఖాలు ముఖాలు చూసుకుంటూ మోకాళ్ళు వంచి గంపను నేలకు దించేవాళ్ళు. బేరం ఆ తర్వాత. ఎదుటి మనిషి ఎంత బరువు నెత్తిన పెట్టుకుని ఎన్ని మైళ్ళు నడిచిందో ముందు మన చేతులకు తెలిసిపోతుంది. అది తెలిశాక ధర మరీ కిందికి లాగడానికి ఎవరికీ నోరు రాదు. మా అమ్మ మాత్రం లాగేది, అది వేరే సంగతి.

లేచేటప్పుడు మళ్ళీ "గంప ఎత్తు తల్లీ" అనేది. చిత్రమేమిటంటే, ఊరంతా తిరిగి సరుకమ్ముకున్నాక కూడా ఆ గంప తేలికయ్యేది కాదు. దువ్వెనలు, అద్దాలు, గాజులు, చాటలు పోయిన చోట సజ్జలు, జొన్నలు, విరిగిన నాగటి కర్రు, చిల్లుపడ్డ రాగి చెంబు, చిరుగు చీరలు, ఖాళీ సీసాలు, వెంట్రుకల ఉండలు చేరేవి. వచ్చినప్పుడెంత బరువో పోయేటప్పుడూ అంత బరువు. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క బరువు గురించే.

ముందు వెంట్రుకల సంగతి చూడండి. అమ్మ, నాయనమ్మ తల దువ్వుకున్నప్పుడు వచ్చిన చిక్కు వెంట్రుకలను వేలికి చుట్టి గోడ సందులో దోపేవాళ్ళు. పూసలమ్మే ఆవిడ వచ్చిన రోజున ఆ ఉండలన్నీ బయటికొచ్చేవి. ఆమె పిడికిట్లో పట్టి బరువు చూసి పది పిన్నీసులో, రెండు సూదులో, పసిపిల్లలున్న ఇంటికైతే దిష్టిపూసలో ఇచ్చేది. ఆ వెంట్రుకలు సవరాలవుతాయని మాకు తెలుసు. ఏ ఊరి అవ్వ జుట్టో ఏ ఊరి పెళ్ళికూతురి జడలో కలిసేది. ఇప్పుడు అదే ఉండ చాలా దూరం పోతోంది. పొరుగున కర్ణాటకలో కొప్పళ పక్కనే భాగ్యనగర్ అని ఒక ఊరుంది. అక్కడ చాలా ఇళ్ళకు ఈ చిక్కు విప్పే పనే ఆధారం. తిరుమల తలనీలాలు దీనికి వేరు, అవి వేలంలో పోతాయి. ఇది దువ్వెనకు తగులుకున్న చిక్కు సరుకు. విప్పి, కడిగి, పొడుగుల వారీగా కట్టలు కడితే దేశాలు దాటి విగ్గులవుతుంది. ముడి వెంట్రుక దొంగదారిన మయన్మార్‌కు, చైనాకు పోతోందని ఇక్కడి వ్యాపారులు గోలపెడితే, 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం దాని ఎగుమతిని ఆంక్షల కిందికి తెచ్చింది. గోడ సందులో దోపిన ఉండ కోసం ఢిల్లీలో ఉత్తర్వు రాస్తారని మా నాయనమ్మకు చెబితే పళ్ళులేని నోటితో నవ్వి ఉండేది.

ఇక ఇనుము. పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చేవాళ్ళు, పిల్లలకైతే మిఠాయి. ఒకసారి నేను పీచుమిఠాయి కోసం మా తాత కొడవలి ఇచ్చేశాను. పాతదే అనుకున్నాను, పిడి వదులైంది గదా అని. మిఠాయి నోట్లో కరిగేలోపే తాత దొడ్లోంచి వచ్చి వెతకడం మొదలుపెట్టాడు. నేను గాదె వెనక్కి చేరాను. పొద్దు వాలాక ఆ మిఠాయి మనిషే గంట మోగించకుండా వచ్చి, కొడవలి అరుగు మీద పెట్టి, "పిలగాడు తెచ్చాడు పెద్దాయనా, కోతల కాలం, మీకు కావలసొస్తుందని తెచ్చినా" అన్నాడు. తాత అతనికి మజ్జిగ ఇప్పించాడు, నాకు వీపు మీద ఇచ్చాడు. ఆ మనిషి ధర్మాత్ముడని చెప్పడం నా ఉద్దేశం కాదు. వారం తిరక్కుండా మళ్ళీ మా వీధికే రావాలి గదా! మళ్ళీ రావలసిన దారిలో ఎవరూ ముళ్ళు వేసుకోరు. తక్కెడ అడుగున మైనం అంటించినవాళ్ళూ ఉండేవాళ్ళు, లేరనను. వాళ్ళ కేక వినబడితే నాయనమ్మ తలుపేసేది. అదే వాళ్ళకు శిక్ష.

అప్పుకు కాగితం లేదు. మా ఇంట్లో పగిలిన పలక ముక్క ఒకటి తలుపు వెనక మేకుకు వేలాడేది. మార్కాపురం మనుషులం, పలక ముక్కలకు కరువేముంది? మా అన్న బడికి తీసుకుపోయిన పలక నాకొచ్చి, నా దగ్గర్నుంచి చెల్లికి పోయి, చట్రం ఊడి పగిలాక అమ్మ ఖాతా పుస్తకమైంది. ఉప్పు మనిషికి మూడు గీతలు, గాజుల మనిషికి రెండు. పంట ఇంటికొచ్చాక గీతకింత అని తవ్వతోనో మానికతోనో గింజలు కొలిచి, తడిగుడ్డతో తుడిచేస్తే అప్పు తీరినట్టే. మన మార్కాపురం పలకరాయి ఒకప్పుడు దేశమంతా పిల్లల చేత ఓనమాలు దిద్దించింది. నోటుపుస్తకాలొచ్చాక బడి పలకకు గిరాకీ తగ్గింది. ఇప్పుడదే రాయి బండలుగా, పెంకులుగా కోయించుకుని విదేశాల ఇళ్ళ గోడలకూ కప్పులకూ పోతోంది. తుడిచి మళ్ళీ రాసుకునే వస్తువును నేల అడుగునుంచి తవ్వి తీసే ఊరు మనది. పాత సామాను గురించి మాట్లాడే హక్కు మనకు కొంచెం ఎక్కువే అనుకుంటాను.

కళాయి వేసే మనిషి వస్తే మాత్రం మాకు బడి లేనట్టే. చింతచెట్టు కింద గుంట తవ్వి, తోలు తిత్తి అమర్చి, బొగ్గులు రాజేసేవాడు. ఊరంతా ఇత్తడి గిన్నెలు, గంగాళాలు తెచ్చి వరస పెట్టేది. ముందు గిన్నెలో ఇసక పోసి, అందులో రెండు కాళ్ళూ పెట్టి నిలబడి, చెట్టుకొమ్మ పట్టుకుని నడుమును అటూ ఇటూ తిప్పుతూ తోమేవాడు. అది పనో నాట్యమో తెలిసేది కాదు. తర్వాత గిన్నెను నిప్పుల మీద ఎర్రబారేదాకా కాచి, లోపల నవసాగరం పొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది. ముక్కుపుటాలు మండే వాసన. ఆ వేడిలోనే తగరం కడ్డీ తాకించి, దూదితో ఒక్క చుట్టు తిప్పేసరికి నల్లటి గిన్నె కడుపులో వెన్నెల పరుచుకునేది. చివరికి నీళ్ళలో ముంచితే చుయ్ మని చప్పుడు. మేము ఎదురుచూసేది ఆ చప్పుడు కోసమే.

ఇదంతా ముచ్చట కోసం కాదు. ఇత్తడికీ రాగికీ చింతపండు పులుపు తగిలితే చిలుము పడుతుంది, అది కడుపులోకి పోతే చేటు. మన పడమటి పల్లెల్లో పులుసు లేని పూట లేదు గదా. తగరం పూత పులుపును లోహానికి తగలనివ్వదు. ఏడాదికోసారి పూత వేయిస్తూ పోతే ఒక్క గిన్నె మూడు తరాలకు వస్తుంది. ఆ మూడు తరాల్లో గిన్నెను కొన్నది ఒక్కసారే. మిగిలిన బతుకంతా దాన్ని నిలబెట్టింది చెట్టు కింద గుంట తవ్వుకున్న ఆ మనిషి.

ఆ తర్వాత స్టీలు వచ్చింది. దానికి కళాయి అక్కర్లేదు, చిలుము లేదు, బూడిదతో రుద్దితే తళతళ. నేను స్టీలును తిట్టను. గంగాళాలు ఎత్తి దించి మా అమ్మ నడుం వంగిపోయింది, స్టీలు వచ్చాక కాస్త నిటారుగా నిలబడింది. కానీ ఆ స్టీలు మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి. అదీ గంపలోనే వచ్చింది, వస్తువుకు వస్తువుగానే. మొదట ఇత్తడికి ఇచ్చారు, ఇత్తడి అయిపోయాక పాత బట్టలకు ఇచ్చారు. ఆ బేరం మీలో చాలామంది చూసే ఉంటారు. స్టీలు సామాన్ల ఆవిడ చీరను రెండు చేతులా ఎత్తి ఎండకు అడ్డంగా పట్టేది. చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తే, "ఇది చీకిపోయింది అక్కా, ఇంకో రెండు ప్యాంట్లెయ్యి, బేసినిస్తా." "రెండు ప్యాంట్లకా? పోయినసారి ఒక్క ప్యాంటుకే పళ్ళెమిచ్చినావు!" "అప్పుడది కొత్త ప్యాంటక్కా." ఇలా గంట. చివరికి పళ్ళెం, పైన కొసరుగా ఒక చెంచా. పనికొచ్చే బట్ట పాత బట్టల సంతల్లో ఇంకొకరి ఒంటి మీదికి చేరుతుంది. కానిది వర్క్‌షాపుల్లో గ్రీజు తుడిచే గుడ్డవుతుంది. ఉన్ని బట్టలైతే హర్యానాలోని పానీపట్‌లో మళ్ళీ నూలై దుప్పట్లవుతాయి.

పట్టుచీరల బేరం దీనికి వేరు. "పాత పట్టుచీరలు కొంటాం" అని తిరిగేవాళ్ళకు చీర అక్కర్లేదు, జరీ కావాలి. అసలు జరీ అంటే పట్టుపోగు మీద వెండితీగ చుట్టి పైన బంగారు పూత వేసింది. చీరను కాలిస్తే వెండి మిగులుతుంది. మా నాయనమ్మ ధర్మవరం చీర అలాగే బూడిదైంది. ఆమె పెళ్ళినాటి చీర, కందిపువ్వు రంగు, మామిడిపిందెల అంచు. ఇవాళ అలాంటి చీరను చీరగానే కొనేవాళ్ళున్నారు. అంచు విడదీసి కొత్త చీరకు కుట్టించుకునేవాళ్ళున్నారు, అద్దాల పెట్టెలో పెట్టుకునేవాళ్ళున్నారు. దానికి ఇప్పుడు వింటేజ్ అని పేరు. మా మనవరాలు హైదరాబాదులో ఒక ఇత్తడి గిన్నె కొని ఫోటో పంపింది. లోపల తగరం పూత సగం పోయి ఉంది, అడుగున ఎవరిదో పేరు చెక్కి ఉంది. మన ఇళ్ళలో పెళ్ళికి పెట్టే గిన్నెలకు పేర్లు చెక్కించే ఆచారముంది గదా. ఆమె చెప్పిన ధర విని నేను కాసేపు మాట్లాడలేదు. మేము మూడు తరాల ఇత్తడి ఇచ్చి తెచ్చుకున్న స్టీలంతా కలిపినా అంత చెయ్యదు.

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని ఊరికే అనలేదు. గంప మనిషి దగ్గర గిన్నె కిలో లెక్క. హైదరాబాద్ జుమ్మేరాత్ బజారుకో, తమిళనాడులో కారైకుడి పాత సామాన్ల వీధికో చేరేసరికి అది ముక్క లెక్క. తూకం ధరకూ ముక్క ధరకూ మధ్యనున్న లాభంలో గంప మోసిన మనిషి వాటా సున్నా. పాత వస్తువును చెత్తకుప్పలోకి పోకుండా ఆపింది ఆమె, పేరు సంపాదించుకున్నది దుకాణం. పాత సామాన్లు వాడితే భూమికి మేలని ఈ మధ్య చాలామంది అంటున్నారు. నిజమే. ఆ మేలులో మొదటి చెయ్యి ఎవరిదో ధరలో కనబడాలని మాత్రం నేనంటాను. మరో మాట కూడా చెవిన వేసుకోండి. వందేళ్ళు దాటిన విగ్రహాలు, శిల్పాలు, డెబ్బయ్యయిదేళ్ళు దాటిన తాళపత్రాల వంటివి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికొస్తాయి. గంపవాళ్ళెవరైనా అడిగినా అలాంటివి లైసెన్సు లేని చేతుల్లో పెట్టకండి. పాత గుళ్ళున్న త్రిపురాంతకం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఈ మాట మరీ అవసరం.

ఈ గంపల దారులు మనకన్నా చాలా పాతవి. మన ప్రాంతానికి ఉప్పు కొటారులంటే సముద్రపు ఒడ్డున చినగంజాం, కనుపర్తి. పడమటి మెట్టలో గింజలున్నాయి, చింతపండుంది, నల్లమల సరుకుంది, ఉప్పు లేదు. పాత మద్రాసు రాష్ట్రమంతటా తీరం ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద లోపలి ఊళ్ళకు మోసి, తిరుగు దారిలో ధాన్యం పట్టుకుపోయినవాళ్ళు లంబాడీలు, ఎరుకలవాళ్ళు. అక్కడా అదే లెక్క, ఖాళీగా వెనక్కి పోయిన ఎద్దు లేదు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో అచ్చయిన తన పుస్తకంలో ఈ బతుకు ఎలా కూలిందో వివరించారు. ఉప్పు మీద సర్కారు గుత్తాధికారం, రైళ్ళు, అడవి చట్టాలు, 1876-78 నాటి మహాకరువు ఒకదాని వెనక ఒకటి వాళ్ళ మీద పడ్డాయి. గిద్దలూరు, కంభం, మార్కాపురం మీదుగా 19వ శతాబ్దం చివర్లో రైలు వచ్చినప్పుడు మన పెద్దలు పండగ చేసుకునే ఉంటారు. గోనెలు మోసే ఎద్దుకు అది పండగ కాదు.

బేరం పోయినవాడు తిరగడం మానడు, తిరగడమే అతని పని. అయితే తిరిగే మనిషంటే తెల్లదొరలకు అనుమానం. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు, 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టుకతోనే దొంగ అని ముద్ర వేసి, హాజరు పట్టీలు పెట్టి, సెటిల్మెంట్లలో ఉంచారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా వెలిసిందే, కావలిలోనూ ఒకటుండేది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. కాగితం మీద. మా నాయనమ్మ గురించి ఇందాకట్నుంచీ మంచిగా చెబుతున్నాను గదా, ఇదీ చెప్పాలి. అమ్మ లేనప్పుడు గంపకు చెయ్యేసేది ఆమే. గంప దిగాక నా చెవిలో, "బావి దగ్గర రాగి బిందె లోపల పెట్టు" అనేదీ ఆమే. గంప మనిషి ఆ గుసగుస విననట్టు పూసలు సర్దుకునేది. ఇప్పుడు తలచుకుంటే ఆమె వినకుండా ఉండే వీల్లేదని తెలుస్తోంది. రాత్రయితే వాళ్ళు ఊరి బయట మండపంలో పడుకునేవాళ్ళు, లోపలికి రమ్మన్న ఇల్లు లేదు.

రెండు వైపులా నిండే గంప మనకొక్కరికే లేదు. జపాన్‌లో చిరిగామి కోకన్ అని ఉండేది. చిన్న ట్రక్కు వీధుల్లో మైకు వేసుకుని తిరిగేది, మీరు పాత పేపర్లిస్తే వాళ్ళు మెత్తటి కాగితపు చుట్టలిచ్చేవాళ్ళు. మా ఉల్లిగడ్డల మనిషికి దూరపు చుట్టం.

2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. మోసుకుంటూ తిరిగి అమ్మేవాళ్ళనూ అది లెక్కలోకి తీసుకుంది, గుర్తింపు కార్డులన్నారు, కమిటీలన్నారు. కానీ దాని చూపు పట్టణాల మీద. మార్కాపురం బజారులో తోపుడుబండి వాడికి కార్డు దొరుకుతుంది. అర్ధవీడు నుంచి కొమరోలు దాకా పల్లెపల్లెకూ నడిచే గంపకు ఆ కార్డు ఎవరివ్వాలి?

ఇప్పుడు మా వీధిలోకి ఆటో వస్తుంది. మైకులో "పాత ఇనుప సామాన్లు కొంటాం, పాడైపోయిన కూలర్లు కొంటాం, పాత బ్యాటరీలు కొంటాం" అని ఒకే గొంతు. గిద్దలూరులోనూ అదే గొంతు, ఒంగోలులోనూ అదే. అతను కొంటాడు, అమ్మడు. అతని వెనకే సంచీ వేసుకుని బండి మీద పార్శిళ్ళ అబ్బాయి వస్తాడు. అతను ఇస్తాడు, తీసుకోడు. పొద్దున్నే నిండుగా వచ్చిన సంచీ సాయంత్రానికి ఖాళీ. పాత గంపను ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు. సరిగ్గా ఆ ఇద్దరి నడుమ పేరుకుపోతున్నదే మన ఊరి చివర చెత్తగుట్ట.

కిందటి సంక్రాంతికి ఊరెళ్ళాను. పొద్దున్నే వాకిట్లో, "ఒక చెయ్యెయ్యి తల్లీ" అని వినబడింది. కొత్తగా వచ్చిన మా కోడలు పరిగెత్తి వెళ్ళి గంప అంచు పట్టుకుంది. గంప ఒరిగింది. "అంచు కాదమ్మా, అడుగు పట్టు, నా కళ్ళలోకి చూడు" అంది అవ్వ. మెల్లగా దించారు. చాటలు, చీపుళ్ళు, జల్లెళ్ళు. కోడలు రొప్పుతూ, "ఎంత బరువవ్వా!" అంది.

"ఇది సగమే తల్లీ. పోయేటప్పుడు మీరేమన్నా వేస్తే గదా నిండేది."

కోడలు లోపలికెళ్ళి వెతికింది. చివరికి కొత్త టీవీ వచ్చినప్పటి థర్మోకోల్ ముక్కలు రెండు చేతుల నిండా తెచ్చింది. అవ్వ ఒక ముక్క తీసి చేతిలో పెట్టుకుని, పైకీ కిందికీ ఆడించి, బరువు చూసింది. తర్వాత దాన్ని అరుగు మీద పెట్టేసి, "గంప ఎత్తు" అంది.